తులాధారుడి తక్కెడలో అట్టముక్క

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం వంగి వజ్రాల కోసం నేల వెతుకుతారు. బెళుగుప్ప నుంచి ఉరవకొండ మీదుగా వెళ్తే వచ్చే ఊరే అది. అక్కడ దొరికే రాయి ఆకలికీ దాహానికీ పనికిరాకున్నా దానికి ధర ఉండడం మనకు వింతగా తోచదు. అదే, టాప్స్ కంపెనీ 1952లో అచ్చువేసిన మిక్కీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు 2022 ఆగస్టు వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికిందంటే, అట్టముక్కకు అంత గుంజడం పాపం కాదా అంటాం. రాయికి అంటని పాపం అట్టకెలా అంటింది?

ధర వస్తువు లోపలే దాగి ఉంటుందనుకోవడంతో వచ్చిన చిక్కిది. ఏ వస్తువుకూ సొంత స్వభావం లేదని, ప్రతిదీ వేరేవాటి ఆసరాతోనే పుడుతుందని బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు మాధ్యమిక కారికల్లో వాదించాడు. కార్డు ధరా అంతే. అమ్ముడుపోని కార్డుల పెట్టెలను 1960లో అట్లాంటిక్‌లో పారబోయించానని టాప్స్‌లో పనిచేసిన సై బెర్గర్ చెప్పాడు. నీళ్లలో మునిగినవాటి వల్లే ఒడ్డున మిగిలినవాటికి గిరాకీ పెరిగింది. నాగార్జునుడు అన్నట్టు అన్నీ శూన్యమైతే ఈ వ్యాపారమంతా మాయే కదా అనవచ్చు. శూన్యమంటే అసలు లేకపోవడం కాదు, తనంతట తాను నిలబడలేకపోవడం. చెనక్కాయల ధర కూడా అలాంటిదే: పంటంతా ఒక్కసారే మార్కెట్‌కు చేరితే గింజలో నూనె తగ్గకున్నా రేటు పడిపోతుంది. చెనక్కాయ కడుపు నింపుతుంది, కార్డు నింపదు కదా అన్న ఆక్షేపణలో బలముంది. కానీ అది కార్డుల వ్యాపారి కన్నా ధాన్యం వ్యాపారికే ఎక్కువ తగులుతుంది. కరువులో గింజలు దాస్తే జనం పస్తులుండాలి. కార్డు దాస్తే ఎవరి పొయ్యీ ఆరదు.

కాబట్టి దోషం ధరలో లేదు. మరెక్కడుంది? జటల్లో పిట్టలు గూడు కట్టేంత కదలకుండా తపస్సు చేసిన జాజలి, ధర్మం తెలుసుకోవడానికి వారణాసిలో అంగడి నడిపే తులాధారుడి దగ్గరికి వెళ్లాడని మహాభారతంలోని శాంతిపర్వం చెబుతుంది. (తపస్వికి పాఠం చెప్పేది వ్యాపారి!) తన తక్కెడ అందరికీ సమానమన్నదే ఆ వ్యాపారి ధర్మం. కార్డుల బేరంలో ఆ తక్కెడ తూచాల్సింది ఎవరికెంత తెలుసన్నది. 1909–11 నాటి సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు అంచులు కత్తిరించి, ఆ సంగతి దాచానని కార్డుల వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. కొన్నవాళ్లు ఎంత ఇష్టంగా ఇచ్చినా, తాము దేనికి డబ్బిస్తున్నారో వాళ్లకు తెలియదు. అయితే ఏళ్ల తరబడి నేర్చిన తెలివికి కూలి వద్దా అని వ్యాపారి అడుగుతాడు. తప్పక కావాలి. దొరికిన రాయి వజ్రమో కాదో తెలియని కూలివాడికి ముందుగా దాని విలువ చెప్పి, ఆ తరవాత వ్యాపారి తన వాటా కోసం ఎంత గట్టిగా బేరమాడినా తులాధారుడు అడ్డుచెప్పడు. చెప్పకుండా కొన్నవాడు మాత్రం మాస్ట్రోకు ఎంతో దూరంలో లేడు, చేతిలో కత్తెర లేదు, అంతే.