ధృతియు రాగమును

కోరికను విడువుమని శాస్త్రము చెప్పుచున్నది. పట్టుదలతో పనిచేయుమనియు అదియే చెప్పుచున్నది. ఈ రెండును ఒక్కనియందే ఎట్లు పొసగును? ఫలముపై తీవ్రమైన మక్కువ లేనివాడు ఏండ్ల తరబడి ఏల శ్రమించును? సాధకులు తఱచుగా అడుగు ప్రశ్న ఇది. గ్రంథములనుండి దీనికి సమాధానము చెప్పుట సులభమే. కాని కోరిక ఏ ముసుగును లేక కానవచ్చు చోటికి పోయి పరీక్షించుట మఱింత మేలు. దేశదేశముల జట్ల నడుమ జరుగు ఫుట్‌బాల్ ఆట అట్టి చోటు. (ఈ ఆటను గీతాపఠనముతో పోల్చి వివేకానందస్వామి మద్రాసులో పలికిన మాట పాఠకు లెఱిగినదే. దానిని కండబలమునకే పరిమితము చేయువారు కలరు. ధృతియు అందు చేరునని నా తలంపు.)

1950 జూలై 16న రియో డి జనీరో నగరమందలి మరకానా క్రీడారంగమున బ్రెజిల్, ఉరుగ్వే జట్లు తలపడినవి. ఆట సమానముగా ముగిసినను ప్రపంచకప్పు బ్రెజిల్‌దే అయ్యెడిది. మొదటి గోలు వేసినవారును వారే. అయినను తుదకు 2-1 తేడాతో ఓడిరి. ఆనాడు గోలు కాచిన బార్బోసా 2000 సంవత్సరమున మరణించువఱకు ఆ నిందను మోసెను. మోపినవారు పరాయివారు కారు, ఆ జట్టును ప్రాణప్రదముగా ఎంచుకొన్నవారే. రాగమునకు అడ్డు తగిలినపుడు అది క్రోధమగునని గీత చెప్పిన క్రమము ఇచట స్పష్టముగా కానవచ్చుచున్నది. ప్రేమ ద్వేషముగా మాఱినదనుటకంటె, ప్రేమయని తలచినది మొదటినుండియు ఫలాపేక్షయే యనుట యుక్తము. బార్బోసా మాత్రము ఆ పిమ్మట పెక్కేండ్లు ఆడుచునే యుండెను. పట్టుదల ఎవరిదో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఇక మన దేశపు విషయము. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో గెలిచి స్వర్ణపతకము పొందెను. మఱుసటి యేడే హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడెను. మనవారిలో పలువురు ఆ చలిదేశమున బూట్లు లేక వట్టికాళ్ళతో ఆడిరి. రెండు సందర్భములందును శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన మొదట బడిపంతులు. పిదప హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు మాఱులు రోవర్స్ కప్పు గెలిచినది.

కీర్తికాంక్షయే ఆయన శ్రమకు మూలమైనచో ఆ పది గోలులతో అది ఎండిపోవలసినది. ఎండిపోలేదు. ఆయన శిక్షణాపద్ధతులలో రెండింటిని గూర్చి ఆలోచించిన విషయము బోధపడును. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో బాలురకు పోటీలు పెట్టించెడివాడు. డ్రిబ్లింగు, అనగా బంతిని తనవద్దనే యుంచుకొని ఎదిరిని ఏమార్చుచు పోవుట, నిషేధించియు పోటీలు నడిపెడివాడు. ఆడువానికి ఈ ఆటలో అత్యంత ప్రియమైనది అదియే. చూపఱులు చప్పట్లు కొట్టునదియు దానికే. బంతి నాది, నేర్పు నాది యను అభిమానము అచ్చటనే గూడు కట్టుకొనును. దానిని త్రోసివేసినను పరుగు మందగింపకూడదు! మమకారమును తీసివేసి ఉత్సాహమును నిలుపుట యన నిదియే.

గీత పదునెనిమిదవ అధ్యాయములో సాత్వికకర్త లక్షణములు చెప్పుచు ధృతిని ఉత్సాహమును ఒకే సమాసమున కూర్చినది. ఆ కర్త సంగమును విడిచినవాడనియు, సిద్ధ్యసిద్ధులయందు వికారము లేనివాడనియు అచ్చటనే యున్నది. సంగము విడిచినవాడు నిరుత్సాహి యగునను మన భయమునకు అచ్చట తావే లేదు. రాగము ఫలమును చూచును, ఉత్సాహము పనిని చూచును. ఆట సాగుచున్నంతసేపు ఈ రెంటిని వేఱుపఱచుట కష్టము. ఓడిన మఱునాటి ఉదయము చూచిన తెలిసిపోవును.

అయితే ఒక ఆక్షేపణ కలదు. రహీమ్ గెలుపు కోరలేదా? కోరెను, తీవ్రముగనే కోరెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి మన జట్టు నాలుగవ స్థానము పొందినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునాటికి ఆయన కాన్సరు వ్యాధితో కృశించుచుండెను. అయినను పతకముపై ఆశ విడువలేదు. కావున ఆయనను నిష్కామకర్మయోగి యని పిలుచుటకు నేను సాహసింపను. అట్లు పిలుచుట ఆయనకును న్యాయము కాదు, ఆ పదమునకును కాదు. గమనింపదగినది మఱియొకటి. కోరిక యున్నను ఆయన శ్రమ దానిపై ఆనుకొని నిలువలేదు. తానెన్నాళ్ళు అనుభవించునో తెలియని ఫలమునకై మనుష్యుడు అంత శ్రద్ధగా పనిచేసినపుడు, అందు ఫలాపేక్ష పాలెంత, పనిపై భక్తి పాలెంత యని తూచుటకు మనవద్ద త్రాసు లేదు. మనలో పెక్కుమంది సాధన ఇట్టి మిశ్రమస్థితియందే నడచుచున్నది.

జకార్తాలో మొదటి పోటీయందే దక్షిణ కొరియా మన జట్టును 2-0 తేడాతో ఓడించెను. ఆపై జరిగిన యొక పోటీలో జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. వెనుక నిలిచి కాచునట్టి ఆయనను రహీమ్ ముందు వరుసకు మార్చెను. సెప్టెంబరు 4న తుదిపోటీలో ఎదుట నిలిచినది మఱల దక్షిణ కొరియాయే. రాజకీయ వివాదము వలన ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహముతో అఱచుచుండిరి. పి.కె. బెనర్జీ ఒక గోలును, కుట్లు పడిన తలతోనే జర్నయిల్ సింగు మఱియొక గోలును వేసిరి. 2-1 తేడాతో స్వర్ణపతకము మన దయ్యెను.

రహీమ్ 1963 జూన్ 11న దేహము చాలించెను. ఆసియా క్రీడలలో ఆ పతకము మన ఫుట్‌బాల్ జట్టునకు అటు పిమ్మట మఱల లభింపలేదు.