పావురం నెత్తురులో తీపి

పావురమంటే నాకు అసూయ. ప్రేమ కూడా ఉంది. గుడియాత్తంలో మా మిద్దె మీద గూళ్లు కట్టి పెంచుతున్నాను కాబట్టి అది అందరికీ కనిపిస్తుంది. అసూయ మాత్రం నాకొక్కడికే తెలుసు. రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పరగడుపున పరీక్షకు రక్తమిచ్చి, రిపోర్టులో షుగర్ 200 దాటిందంటే బిక్కచచ్చిపోయే మనిషిని నేను. నిక్షేపంగా ఉన్న పావురానికి షుగర్ ఎప్పుడూ 200కి పైనే. ఒంటి వేడి 41 డిగ్రీలు. మనకైతే అది గట్టి జ్వరం. అయినా పెంపకంలో అది 30 ఏళ్లు దాటి బతకగలదు. దాదాపు అంతే బరువుండే ఎలుకకు నాలుగేళ్లు గడవడమే ఎక్కువ.

పాత లెక్క ప్రకారం ఇలా జరగకూడదు. ఒంట్లో శక్తి ఎంత జోరుగా ఖర్చయితే ఆయువు అంత త్వరగా తరిగిపోతుందని 1928లో రేమండ్ పెర్ల్ రాశాడు. ఊపిరి వల్లే పుట్టే ఫ్రీ రాడికల్స్ కణాలను దెబ్బతీసి ముసలితనం తెస్తాయని 1956లో డెన్హమ్ హార్మన్ ప్రతిపాదించాడు. అదే ఏడాది మిడ్‌వే దీవిలో ఒక ఆల్బట్రాస్ కాలికి ఉంగరం తొడిగారు. విజ్‌డమ్ అని పేరు పడ్డ ఆ పక్షి 2024 చివర్లో మళ్లీ గుడ్డు పెట్టింది, డెబ్బై దాటిన వయసులో!

1990ల్లో మాద్రిద్‌లో గుస్తావో బార్హా బృందం పావురం, ఎలుకల కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలను పక్కపక్కన పెట్టి కొలిచింది. వాడుకున్న ఆక్సిజన్‌తో పోల్చి చూస్తే పావురంలో ఫ్రీ రాడికల్స్ తక్కువ పుడుతున్నాయి. గాలి తగిలిన నూనె కనరు వాసన పట్టినట్టే కణాల పొరల్లోని కొవ్వూ పాడవుతుంది. పక్షుల్లో అలా తొందరగా చెడే రకం కొవ్వు తక్కువ.

నన్ను ఎక్కువసేపు పట్టి నిలిపింది ఎర్రకణాల సంగతి. మూడు నెలల షుగర్ సగటు అని మనం చేయించుకునే పరీక్ష, హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో కొలుస్తుంది. మన ఎర్రకణం నెత్తురులోని చక్కెరను లోపలికి రానిస్తూ దాదాపు 120 రోజులు తిరుగుతుంది. పక్షి ఎర్రకణంలోకి చక్కెర వెళ్లేది బహు తక్కువ, దాని ఆయుష్షూ నెలా నెలన్నరే. అందుకే అంత తీపిలో మునిగి ఉన్నా దాని హిమోగ్లోబిన్‌కు అంటుకునేది స్వల్పం.

ఇవన్నీ తెలుసుకోవాలన్న కుతూహలంతో చదివానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిదానంగా తరచి చూసుకుంటే చదివించింది భయం. చావు భయమైనా కాదు. లుంగీలు నేసిన మా నాయనకు షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారాయి. గుంట మగ్గంలో కూర్చుని, కాలి కింద చెక్క తగులుతోందో లేదో తెలియక, "రేయ్, కాలు చెక్క మీద పడిందేమో చూడు" అని నన్ను పిలిచేవాడు. వంగి, ఆ పాదాన్ని పట్టుకుని చెక్క మీద పెట్టేవాణ్ణి. నా చేతి పట్టు కూడా ఆయనకు తెలిసేది కాదు.

నా గూటిలోని ముసలి పావురాన్ని చేతిలోకి తీసుకుంటే ఈకల నునుపులో గానీ, విడిచిపెట్టగానే ఎగిరే ఊపులో గానీ దాని వయసు చిక్కదు. కాలి ఉంగరం మీది అంకె చూడాలి. చాలా పక్షుల్లో ముసలితనం దాదాపు చివరిదాకా బయటపడదట. నా కన్ను పడింది దాని ముప్పై ఏళ్ల మీద కాదు, ఈ తీరు మీద.

దీన్ని ఏ పక్షీ తనంతట తాను సంపాదించుకోలేదు. ఎగరగలగడం వల్ల పిల్లికీ పాముకూ అంత తేలిగ్గా చిక్కని జాతుల్లో, ఒంటిని ఎక్కువకాలం చక్కబెట్టుకునే గుణం తరతరాలుగా నిలబడింది. చిన్న ఒళ్లున్న గబ్బిలం ఏళ్ల తరబడి బతకడానికీ ఇదే కారణమంటారు. నాలాంటివాడికి అది అందదని బుద్ధి ఒప్పుకుంది, మనసింకా ఒప్పుకోలేదు.

ఈసారి రాయవేలూరు వెళ్లినప్పుడు ఇంకెన్నేళ్లని డాక్టరును అడగను. కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ తీగతో అరికాలు తాకి చూసే పరీక్ష ఒకటుంది. అది చేయమని అడుగుతాను.