ఇద్దరూ కలిసి మోసే బరువు

“ఇద్దరూ కలిసే చేస్తున్నారుగా!” అనేస్తాం, చాలా తేలిగ్గా. పని జరుగుతోంది, ఇల్లు నడుస్తోంది. ఎవరి వంతు ఎంత అని లెక్కలు చూడ్డం అల్పబుద్ధి అని కూడా అంటాం. నిజంగా అంతేనంటారా?

యీ ప్రశ్నకి జవాబు నాకు వాల్వు ఆంప్లిఫయర్లలో కనిపిస్తుంది. నవ్వకండి! పాత రేడియోల్లో వేడెక్కి ఎర్రగా వెలిగే గాజు వాల్వుల సంగతి మీకు తెలుసు కదూ? ట్రాన్సిస్టర్లు వచ్చి వాటిని వెళ్ళగొట్టినా, పాటంటే వాల్వులోంచే వినాలనేవాళ్ళు యిప్పటికీ వున్నారు. వాటిల్లో 12ఏఎక్స్7 అని ఓ చిన్న వాల్వు వుంది. చూడ్డానికి ఒకటే బుడ్డి, లోపల మాత్రం రెండు కాపురాలు. దేని కేథోడు, దేని గ్రిడ్డు, దేని ప్లేటు దానివే.

యీ రెంటినీ జతకలిపి ఒకే పనికి పెడుతుంటారు. పాట రెట్టింపు గట్టిగా వినిపిస్తుందనుకుంటాం గానీ, అలా జరగదు. ఒక్కోదాని ఆంప్లిఫికేషన్ అంకె 100. రెండూ కలిసినా ఆ వందే. లోపలి నిరోధం మాత్రం సగానికి తగ్గి, పెద్ద బరువుని కూడా జంకకుండా లాగుతాయి. పైగా పాట రెంట్లోనూ ఒకటే గనక పూర్తిగా కలుస్తుంది. దేని రొద దానిదే గనక అంతగా కలవదు. పాటతో పోలిస్తే రొద సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. అంచేత పొత్తు మంచిదే.

చిక్కల్లా యిక్కడ వుంది. ఒకే బుడ్డిలో పుట్టినా రెండూ అచ్చం ఒకలా వుండవు. రెండు కేథోడులకీ కలిపి ఒకే రెసిస్టరు పెట్టామనుకోండి, దానికి తెలిసేది మొత్తం కరెంటే. మొత్తం సరిపోయిందా, సంతోషం! ఏది ఎక్కువ లాగుతోందో దానికి పట్టదు. చిన్న పనుల్లో ఫరవాలేదు. 6ఏఎస్7 లాంటి పెద్ద జంట వాల్వుల్లో అయితే, ఎక్కువ మోసేది ఎక్కువ వేడెక్కి ముందుగా అరిగిపోతుంది. అంతదాకా బయటికి పాట బాగానే వినిపిస్తూ వుంటుంది.

మన ఇళ్ళల్లో జరిగేదీ యిదే కదూ? తోడికోడళ్ళు కానివ్వండి, ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు కానివ్వండి. మంచానపడ్డ అత్తగారికి వేళకి మందు అందుతోంది. రాత్రి రెండుసార్లు లేచిందెవరో ఎవరూ అడగరు. చెయ్యగలిగిన మనిషి మీదే మరికాస్త పని పడుతుంది, ఆమె మంచితనాన్ని మెచ్చుకుంటూనే!

వాల్వులకి పరిష్కారం చాలా చౌక. ఒక్కో కేథోడుకీ విడిగా ఓ రెసిస్టరు పెడతారు. ఏది ఎక్కువ లాగబోతే, దాని రెసిస్టరే “ఇంక చాలు” అని దాన్ని కాస్త వెనక్కి పడుతుంది. తేడా చాలావరకు సర్దుకుంటుంది. గ్రిడ్డులూ, ప్లేట్లూ ఎప్పట్లా కలిసే వుంటాయి, పాట ఆగదు.

విడిగా లెక్క చూసుకోవడమంటే వేరుకాపురం పెట్టడమని భయపడతాం. భయం అక్కర్లేదు. “ఇంతవరకు నేను చెయ్యగలను, మిగతాది నువ్వు అందుకో” అని చెప్పే హక్కు ఆమెకీ వుంటే చాలు. ఆ మాట కలిసున్నవాళ్ళ మధ్యే అవసరం. ఒంటరిగా వున్నవాళ్ళు ఎవరికి చెబుతారు?