వాడిపోవు కిరీటమును ప్రభువు దినమును

ధ్యానభాగములు: 1 కొరింథీయులకు 9:24-27, రోమీయులకు 14:1-12



అపొస్తలుడైన పౌలు ఆటలను గూర్చి వ్రాయుటకు సంకోచింపలేదు. కొరింథు పట్టణమునకు చేరువలో రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెను. గెలిచినవానికి ఇచ్చునది పైన్ చెట్టు కొమ్మలతో అల్లిన కిరీటము. కొద్ది దినములలో అది ఎండి రాలిపోవును. అట్టిదాని కొరకే వారు అన్ని విషయములలో మితముగా ఉండి, శరీరమును నలుగగొట్టుకొనుచుండగా, వాడబారని దాని కొరకు మనమెట్లు ఉండవలెనని పౌలు అడుగుచున్నాడు. ఈ నెల మన ధ్యానమునకు అట్టి పందెగాండ్ర జీవితమునే తీసికొందము.

రగ్బీ యను ఆట మనలో అనేకులకు పరిచయము లేదు. జట్టుకు పదునైదుగురు, బంతి కోడిగ్రుడ్డు ఆకారముగలది, ఎనుబది నిమిషముల ఆట. బంతిని చేతితో ముందుకు విసరరాదు, ప్రక్కకో వెనుకకో అందింపవలెను. కబడ్డీలో వలె ఎదుటివానిని పట్టి పడవేయవచ్చును. ఇంగ్లాండులో పుట్టిన ఈ ఆటలో యూనియన్ అనబడు శాఖ బహుకాలము జీతము లేని ఆటగానే సాగినది. 1995 ఆగస్టులో ఆ నియమము తీసివేయబడెను. నాటినుండి ఆటగాడు జీతగాడు. ఏ వారము ఏ దినమున ఆడవలెనో టెలివిజను వారి అనుకూలమును బట్టి నిర్ణయమగుచున్నది. శుక్రవారము కావచ్చును, శనివారము కావచ్చును, ఆదివారమును కావచ్చును.

మైఖేల్ జోన్స్ 1965లో న్యూజీలాండులోని ఆక్లండ్ నగరమున పుట్టెను. ఆయన తల్లి సమోవా ద్వీపముల స్త్రీ. 1830లో జాన్ విలియమ్స్ అను మిషనెరీ సువార్తతో అడుగుపెట్టిన ద్వీపములవి. ఆదివారమును ఆరాధనకు ప్రత్యేకించి ఆచరించుటలో అక్కడి క్రైస్తవులు పేరుపొందినవారు. జోన్స్ 1986లో సమోవా పక్షమున ఒకసారి ఆడి, 1987 మొదలుకొని న్యూజీలాండు జట్టులో ఆడసాగెను. ఆయన స్థానమును ఫ్లాంకర్ అందురు. బంతి నేలబడిన చోటికి అందరికంటె ముందుగా పరుగెత్తి, పదిమంది బరువు తనమీద పడుచుండగా దానిని చేజిక్కించుకొనుట వాని పని. ఆ పనిలో ఆయనకు సాటివారు అరుదని ఆట తెలిసినవారు చెప్పుదురు. అయితే ఆయనకొక తీర్మానముండెను: ఆదివారము ఆడను.

1987లో రగ్బీ ప్రపంచకప్పు మొట్టమొదటిసారి జరిగెను. సెమీఫైనలు వేల్సుతో జూన్ 14న, ఆదివారము. జోన్స్ ఆడలేదు, ఆయన లేకయే న్యూజీలాండు 49-6తో గెలిచెను. ఫైనలు ఆరు దినములకు శనివారము వచ్చెను. ఆ దినము ఫ్రాన్సుపై మొదటి ట్రై సాధించినది జోన్సే. ఇంతటితో కథ ముగిసినయెడల మనము సంతోషించి, దేవుని ఘనపరచువానిని దేవుడు ఘనపరచునని చెప్పుకొని ఇండ్లకు పోవుదుము. ప్రసంగీకులకు ఇట్టి కథలమీద మక్కువ ఎక్కువ. గాని కథ అక్కడ ముగియలేదు.

1989లో ఆయన మోకాలు ఘోరముగా దెబ్బతినెను. కోలుకొని తిరిగి వచ్చెను. 1991 ప్రపంచకప్పులో సెమీఫైనలు అక్టోబరు 27న డబ్లిన్ నగరములో, మరల ఆదివారమే. జోన్స్ ఆడలేదు. ఆస్ట్రేలియా 16-6తో గెలిచెను. ఇప్పుడేమందుము? ఆయన యున్నయెడల గెలిచియుందురో లేదో మనుష్యులెవరు చెప్పగలరు? అయినను ఓడినవారు ఆయన స్నేహితులు. నా మనస్సాక్షి వెలను నేను చెల్లించుట ఒకటి, నా తోడివారు చెల్లించుట మరియొకటి. ఈ ప్రశ్నను తేలికగా దాటిపోవువాడు మనస్సాక్షిని గూర్చి ఇంకను ఆలోచింపలేదని నా అభిప్రాయము.

ప్రియులారా, ఇక్కడ మరియొక సంగతి గమనింపుడి. అదే ప్రపంచకప్పులో అక్టోబరు 6న సమోవా జట్టు కార్డిఫ్ పట్టణములో వేల్సును 16-13తో ఓడించి లోకమును ఆశ్చర్యపరచెను. అదియు ఆదివారమే! జోన్స్ తల్లి జనులే, అదే సువార్త విన్నవారే, ఆ దినమున ఆడిరి. ఆట ముగిసిన పిమ్మట మైదానములోనే మోకాళ్లూని ప్రార్థించుట ఆ ద్వీపపు ఆటగాండ్రకు అలవాటు. ఇద్దరిలో ఎవరు భక్తిపరులు? రోమా సంఘమునకు పౌలు వ్రాసినది సరిగా ఇట్టి చిక్కును గూర్చియే. ఒకడు ఒక దినమును శ్రేష్ఠముగా ఎంచును, మరియొకడు అన్నిటిని సమానముగా ఎంచును. ఎవడు తన మనస్సులో నిశ్చయించుకొనెనో వాడు దానిని ప్రభువు కొరకే చేయవలెను. పొరుగువాని సేవకునికి తీర్పు తీర్చుటకు మనమెవరము? ఆదివారమున ఆస్పత్రిలో రోగిని కనిపెట్టుకొనియుండు నర్సమ్మను, రైలు నడుపు సహోదరుని, ఆరాధనకు రాలేదని వ్రేలెత్తి చూపువారు మనలో లేరా? విశ్రాంతిదినము మనుష్యుని మేలు కొరకే ఏర్పడినదని ప్రభువే బోధించెను గదా. అయితే అవసరము లేకయే సంత బేరములకు, సినిమాలకు ఆ దినమును అమ్ముకొని, నర్సమ్మ పేరు చెప్పి తప్పించుకొనువారును కలరు.

ఎరిక్ లిడ్డెల్ 1924లో పారిస్ ఒలింపిక్ పందెములలో ఆదివారము పరుగెత్తననుటయు, తరువాత 400 మీటర్లలో గెలుచుటయు అనేకులెరుగుదురు. ఆయన స్కాట్లండు పక్షమున ఏడుసార్లు రగ్బీ ఆడినట్లు ఎరిగినవారు తక్కువ. చీనాలో మిషనెరీయై, 1945లో నిర్బంధ శిబిరములో మరణించెను.

అదే స్కాట్లండులో మన కాలమున యువాన్ మర్రే యుండెను. పశువైద్యము చదివినవాడు, గాని జీవనము రగ్బీ ఆట. 2005లో ఒక ఆటలో తలకు దెబ్బ తగిలి, స్పృహ తప్పి మూర్ఛ వచ్చెను. ఆ దెబ్బ తరువాత తన జీవితమును తిరిగి ఆలోచించుకొని క్రీస్తును వెంబడించినట్లు ఆయనే సాక్ష్యమిచ్చెను. పిమ్మట కొన్నాళ్లకు ఆదివారము ఆడుట మానెను. జోన్స్ తీర్మానము చేసిన కాలమున ఆటకు జీతము లేదు. మర్రేకు ఆటయే అన్నము. ఆదివారము ఆడనివానిని కొనుటకు ఏ క్లబ్బు యజమాని ముందుకు వచ్చును? అయినను క్లబ్బులు ఆయనను తీసికొనెను, స్కాట్లండు పక్షమున అరువదియారు సారులు ఆడెను. 2011 ప్రపంచకప్పులో సెప్టెంబరు 25న, ఆదివారము, అర్జెంటీనాతో ఆట. మర్రే ఆడలేదు. స్కాట్లండు 12-13తో ఓడెను. ఒకే ఒక పాయింటు! ఆ తరువాత ఇంగ్లాండు చేతిలోను ఓడి, ప్రపంచకప్పు చరిత్రలో మొదటిసారి క్వార్టరుఫైనలు చేరలేకపోయెను.

దానియేలు రాజు భోజనమును నిరాకరించినప్పుడు పది దినములలో వాని ముఖము కళకళలాడెను. దేవుడు ప్రతివానికి అట్లు చేయునని వాక్యమెక్కడను చెప్పలేదు. ఆదివారమును ప్రభువునకిచ్చి, దానికి బదులు సోమవారము విజయమును కోరువాడు కానుక యిచ్చుట లేదు, బేరమాడుచున్నాడు.

1995 ప్రపంచకప్పులో న్యూజీలాండు క్వార్టరుఫైనలు, సెమీఫైనలు రెండును ఆదివారములలోనే పడెను. ఈసారి జోన్సును జట్టులోనికి తీసికొనలేదు. ఎంపికచేసినవారిది అన్యాయమనుటకు వీలులేదు. రెండు ముఖ్యమైన ఆటలకు అందనివానిని ఎట్లు తీసికొందురు? ఆయన లేకయే ఆ రెండు ఆదివారములు జట్టు గెలిచెను. ఫైనలు జూన్ 24న జోహాన్నెస్‌బర్గులో శనివారము జరుగగా, న్యూజీలాండు 12-15తో ఓడెను. శనివారము గనుక ఆ ఆటకు ఆయన మనస్సాక్షి అడ్డమేమియు లేదు. గాని ఆయన అక్కడ లేడు.

మరుసటి యేట ఆయనను తిరిగి పిలిచిరి. 1996లో దక్షిణాఫ్రికా గడ్డమీద న్యూజీలాండు మొదటిసారి టెస్టు సిరీసు గెలిచిన జట్టులో ముప్పదియొకటవ యేట జోన్స్ ఆడెను. మోకాలు మరల చెడి, 1998తో ఆయన టెస్టులు ముగిసెను. న్యూజీలాండు పక్షమున ఆడిన టెస్టులు మొత్తము యేబదియైదు. ఆదివారములు లేనియెడల లెక్క ఇంకను పెద్దదై యుండును.