నీళ్ళు ఎందుకు పచ్చబడతాయి?

మంచి మనసుతో పెట్టింది కూడా ఎక్కువైతే చెడుపు చేస్తుందా? చేస్తే ఆ తప్పు పెట్టిన చేతిదా, ఆ చెయ్యి ఎందుకు పెడుతోందో చూడని వాళ్ళదా? ఈ ప్రశ్న నాకు ఏ గ్రంథమో చదువుతుంటే తట్టింది కాదు. ఒహాయోలో మా ఇంటి పెరట్లో, బంగారు చేపల గుంట గట్టు మీద తట్టింది. జరిగింది 1987 వేసవిలో. ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు కనుక మీ ముందు పెడుతున్నాను.

ఆ గుంట 1985లో నేనే తవ్వాను. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. సుమారు 1200 గాలన్ల నీళ్ళు పడతాయి. వచ్చినవాళ్ళకి చూపిస్తూ నేను దాన్ని కొలను అనేవాణ్ణి. నాన్నగారు వచ్చి ఒకసారి చూసి, "కుంట బాగుందిరా" అన్నారు. అప్పట్నించి మా ఇంట్లో అది కుంటే అయింది.

అమ్మ పోయిన మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఆయన మా దగ్గరికి వచ్చారు. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో ముప్ఫై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసిన మనిషి. పొద్దున ఏడింటికి నేనూ నా భార్యా ఉద్యోగాలకి, పిల్లలు బడికి వెళ్ళిపోయేవాళ్ళం. ఆయనకి గది, మంచం, టెలివిజను, ఫ్రిజ్ నిండా వండిపెట్టిన కూరలు అన్నీ అమర్చాం. ఏ లోటూ లేదనే అనుకున్నాం.

మే నెలలో కుంటలో నీళ్ళు కొద్దిగా పచ్చబడడం మామూలే. ఎండ ముదురుతుంది, కలువ ఆకులు ఇంకా పరుచుకోవు. జూన్‌కి ఆకులు కమ్మి నీడపడితే మళ్ళీ తేరుకునేవి. ఆ ఏడు తేరుకోలేదు. జూలై వచ్చేసరికి బచ్చలాకు రుబ్బి కలిపినట్టయింది. చెయ్యి మణికట్టుదాకా ముంచితే వేళ్ళు కనపడవు. వలతో తోడితే వలలోంచి జారిపోతుంది. స్పాంజి ఫిల్టరు పెడితే అందులోంచీ జారిపోతుంది. నీళ్ళన్నీ తోడేసి కొత్తవి నింపితే పదిరోజుల్లో మళ్ళీ అదే రంగు.

నాన్నగారు ఒక సాయంత్రం గట్టు మీద కూచుని, "మన ఊళ్ళో కాలవ నీళ్ళు ఎర్రగా వస్తే కుండలో ఇండుప గింజ అరగదీసేవాళ్ళం. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగేది. ఇది బురద కాదురా, అలా దిగడానికి. ఇది మొలిచింది" అన్నారు. నేను కెమికల్ ఇంజనీర్ని. ఆ మాట విన్నాను గాని పట్టించుకోలేదు.

ఆ శనివారం మన సంఘం కార్యవర్గం మా ఇంట్లో సమావేశం కావాలి. ఇరవైమంది వస్తారు, పెరట్లో భోజనాలు. గురువారం సాయంత్రం దుకాణం నుంచి నాచు చంపే మందు తెచ్చి, సీసా మీద రాసిన కొలత ప్రకారమే పోశాను. శుక్రవారానికి రంగు కాస్త విరిగింది. నా పని అయిందనుకున్నాను.

శనివారం తెల్లవారకముందే నీళ్ళ చప్పుడుకి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే నాన్నగారు పంచె ఎగగట్టి, మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, ఇంట్లోంచి తెచ్చిన చెంబుతో నీళ్ళు ముంచి, చెయ్యి పైకెత్తి, ఎత్తునించి మళ్ళీ కుంటలోకే పోస్తున్నారు. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని గాలికోసం కొట్టుకుంటున్నాయి. పద్నాలుగింటిలో తొమ్మిది అప్పటికే వెల్లకిలా తేలాయి.

కారణం తరవాత తెలిసింది. ఆ పచ్చదనం నిండా కంటికి ఆనని మొక్కలు. పగలు ప్రాణవాయువు విడుస్తాయి, రాత్రి చేపలతోపాటు అవీ దాన్ని వాడుకుంటాయి. అన్నింటినీ ఒక్కసారి చంపితే ప్రాణవాయువు ఇచ్చేవి పోతాయి. పైగా చచ్చినవి కుళ్ళుతూ నీళ్ళలో మిగిలినదాన్ని కూడా లాగేస్తాయి. వేసవిలో వెచ్చని నీరు ప్రాణవాయువుని తక్కువ పట్టుకుంటుంది. తెల్లవారుజాముకి అది అడుగంటుతుంది. ఎత్తునించి నీళ్ళు పోస్తే గాలి కలుస్తుంది. నాన్నగారు ఏ పుస్తకమూ చదవకుండా సరిగ్గా చెయ్యవలసిన పనే చేశారు. మిగిలిన అయిదు చేపలూ ఆయన చెంబు వల్లే బతికాయి.

అప్పుడు నేను అన్న మాట ఇది: "పొద్దస్తమానం మీరు మేత వేస్తూ కూచుంటే నీళ్ళు పచ్చబడక ఏమవుతాయి?"

ఆయన మారు పలకలేదు. చెంబు గట్టు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళారు. ఆ రోజునించి కుంట దగ్గరికి వెళ్ళడం మానేశారు. మేత డబ్బా మూత కూడా తియ్యలేదు.

నా మాటే నిజమైతే నీళ్ళు తేరుకోవాలి గదా? రెండు వారాలు తిరక్కుండానే మునుపటికన్నా చిక్కగా పచ్చబడ్డాయి. మందుతో చంపిన పాచి ఎక్కడికీ పోలేదు, కుంటలోనే కుళ్ళి కొత్త పాచికి ఎరువైంది. ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. మే నెలలో పచ్చికకి రెండు సంచుల ఎరువు చల్లింది నేను. మా పెరడు వాలు కుంటవైపే. చల్లిన మర్నాడు కురిసిన వానకి అదంతా ఎక్కడికి చేరిందో చెప్పక్కర్లేదు. ఒక సాయంత్రం మా తొమ్మిదేళ్ళ అమ్మాయి నెమ్మదిగా ఇంకో సంగతి బయటపెట్టింది: తాతయ్య లోపలికి వెళ్ళాక రోజూ తనూ ఓ గుప్పెడు వేసేదిట. మొత్తానికి మేత వేసిన చేతులు మూడు. నిందపడ్డది మాత్రం ఒక చేతి మీద.

ఇది నా ఒక్కడి పెరటి కథ కాదు. కెనడాలో ఒంటారియో వాయవ్య భాగంలో ఒక చిన్న సరస్సు వుంది. దానికి పేరు లేదు, 226 అని నంబరు. 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ దాని నడుముకి అడ్డంగా తెర కట్టి రెండు భాగాలు చేశారు. రెండింట్లోనూ కర్బనమూ నత్రజనీ కలిపారు. ఒకదాంట్లో మాత్రం భాస్వరం అదనంగా వేశారు. ఆ వేసవిలోనే భాస్వరం వేసిన సగం పచ్చగా మారింది, రెండో సగం మామూలుగానే వుంది. విమానంలోంచి తీసిన ఆ ఫొటో చూస్తే, పచ్చదనం కావాలని నీళ్ళు కోరుకోవనీ, అందిన తిండికి అవి ఇచ్చే జవాబు అదేననీ తెలుస్తుంది.

మా ఇంటికి ఉత్తరాన వున్న ఈరీ సరస్సుదీ ఇదే గొడవ. 1960లలో అది చచ్చిపోయిందని అందరూ రాశారు. నిజానికి అది చావలేదు, తిండి ఎక్కువై మూలుగుతోంది. 1972లో అమెరికా, కెనడా దేశాలు ఒప్పందం చేసుకుని, ఊళ్ళ మురుగునీటి నించి, బట్టలుతికే పొడుల నించి వచ్చే భాస్వరాన్ని తగ్గించాయి. కొన్నేళ్ళకి సరస్సు తేరుకుంది. మళ్ళీ 2014 ఆగస్టులో టొలీడో ఊళ్ళో నాలుగు లక్షలమందికి పైగా జనం సుమారు మూడు రోజులు కుళాయి నీళ్ళు తాగలేకపోయారు. పాచి విడిచిన విషం నీళ్ళలో కలిసింది, కాచినా పోదు. ఈసారి భాస్వరం ఎక్కువగా పొలాల ఎరువుల నించి వచ్చింది. ఆ రైతులు ఎవరికీ కీడు తలపెట్టలేదు. పైరుకి ఆకలి తీర్చాలనుకున్నారు, అంతే.

కాబట్టి నా మొదటి ప్రశ్నకి మొదటి సగం జవాబు ఇది: చేస్తుంది. మంచి మనసు కొలతకి బదులు కాదు. బంగారు చేపకి మనలాగా పొట్ట సంచి వుండదు. ఎప్పుడు నీడ పడినా పైకి వచ్చి నోరు తెరుస్తుంది. "ఆకలిగా వున్నాయిరా" అనేవారు నాన్నగారు. ఆ నోరు చూసి పెడితే రోజంతా పెట్టవచ్చు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వెయ్యాలి, తక్కింది పాచికే పోతుంది. పెట్టేవాడి గుప్పెట్లో ఎంత పడుతుందో అది కొలత కాదు. తినేదానికి ఎంత పడుతుందో అదే కొలత.

రెండో సగం దగ్గరే నేను ఎక్కువకాలం ఆగిపోయాను. ఆయన రోజుకి అయిదారుసార్లు ఎందుకు మేత వేశారు? చేపల మేత సంగతి తెలియకనా? కొల్లేటికి అంత దగ్గర ఊళ్ళో పుట్టిన మనిషి! పగలు పదిగంటలసేపు ఆ ఇంట్లో ఆయన వస్తే ఎదురు వచ్చే ప్రాణులు అవి మాత్రమే. టెలివిజనుకి ఆయన అక్కర్లేదు. పక్కింటివాళ్ళు చెయ్యి ఊపి వెళ్ళిపోతారు. మనవలు తెలుగులో రెండు మాటలు చెప్పి ఇంగ్లీషులోకి జారిపోతారు. చేపలు మాత్రం ఆయన నీడ గుర్తుపట్టి గట్టుకి వస్తాయి. అవి వచ్చాక ఉత్తచేతులతో ఎలా తిరిగివస్తారు?

ఇలా వెతుక్కుంటూ పోతే కారణం పాచి నించి మేతకి, మేత నించి నాన్నగారి చేతికి, ఆ చేతినించి నా గుమ్మానికి వచ్చి ఆగింది. ఆలోచిస్తే నేనూ ఆయనకి అక్కర్లేనివే కుప్పలుగా పెట్టాను. రంగుల టెలివిజను, నాలుగు స్వెట్టర్లు, వారానికి సరిపడా కూరలు. కావలసింది రోజుకి ఒక అరగంట. అది పెట్టలేదు. ఆయన చేపలకి ఏం చేశారో నేను ఆయనకి అదే చేశాను. తేడా అల్లా, ఆయన పక్కన కూచుని పెట్టారు, నేను పెట్టి వెళ్ళిపోయాను.

శంకరాచార్యులవారిదిగా చెప్పే ఆత్మబోధలో ఇండుప గింజ పోలిక ఒకటి వుంది. గింజ పొడి నీళ్ళని తేటపరిచి, మురికితోపాటు తానూ అడుక్కి దిగిపోతుంది. అలాగే జ్ఞానం అజ్ఞానాన్ని పోగొట్టి తానూ మిగలదంటారు. నాకు ఇందులో చిన్న గృహస్థధర్మం ఒకటి కనిపించింది. తప్పు దిద్దే మాట కూడా పని అయ్యాక దిగిపోయేదై వుండాలి. ఆ తెల్లవారుజామున నేను అన్నది అటువంటిది కాదు. అది మందులాంటిది. చంపింది, నీళ్ళలోనే వుండిపోయింది.

ఆగస్టు మొదటి ఆదివారం నేను మేత డబ్బా తీసుకెళ్ళి ఆయన పక్కన కూచున్నాను. "ఎరువు చల్లింది నేను, మందు పోసింది నేను. మిమ్మల్ని అనవలసింది కాదు" అన్నాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "మరి ఎంత వెయ్యాలంటావు?" అని అడిగారు. క్షమించడమంటే ఇంకేమిటో నాకు తెలియదు.

రోజుకి ఒక్కసారి, పొద్దున ఆరున్నరకి, ఆయన చేత్తోనే అని ఏర్పాటు చేసుకున్నాం. నేనూ కాఫీతో వెళ్ళి కూచునేవాణ్ణి. రాలిన ఆకులు, అడుగున పేరుకున్న బురద కొద్దికొద్దిగా తీశాం. ఇంకో రెండు కలువ దుంపలు పెట్టి సగం పైగా నీడ చేశాం. పచ్చికకి ఎరువు మానేశాను. నీళ్ళ తేట కొలవడానికి అమ్మాయి చేత ఒక తెల్లటి మూతకి దారం, కింద బరువు కట్టించాను. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతగురువు సముద్రంలో తెల్లటి పళ్ళాలు దింపి చేసిన పద్ధతే ఇది. మూత ఎంత లోతున మాయమవుతుందో తాతా మనవరాలూ ప్రతి ఆదివారం తెలుగులో రాసిపెట్టేవారు. మొదటి వారం అయిదంగుళాలు. ఆగస్టు ఆఖరుకి పదకొండు. ఆయన అక్టోబరులో వెళ్ళేనాటికి మూత అడుగుకి తగిలినా కనిపిస్తూనే వుంది. చలి సాయం కూడా వుందనుకోండి.

ఆయన మళ్ళీ ఈ దేశం రాలేదు. 1990లో పోయేదాకా ప్రతి ఉత్తరంలోనూ కుంట సంగతి అడిగేవారు. నేను అంగుళాలు రాసేవాణ్ణి.

ఇప్పుడు నీళ్ళు తేటపరిచే పరికరాలు ఎన్నో వచ్చాయి. అతినీలలోహిత దీపం పెడితే వారం పది రోజుల్లో పచ్చదనం విరుగుతుంది. మంచిదే, కాని లోపలికి వెళ్ళే తిండి తగ్గకపోతే ఆ దీపం ఆర్పిన నాడు కథ మొదటికి వస్తుంది. అందుచేత మీ పెరట్లో నీళ్ళు పచ్చబడితే ముందు మందు కొనకండి. వాలు ఎటు వుందో చూడండి, సంచీలో మిగిలిన ఎరువు ఎంతో చూడండి. గట్టు మీద ఎవరైనా డబ్బా పట్టుకుని ఒంటరిగా కూచుని వుంటే, ఏమీ అనకుండా వెళ్ళి పక్కన కూచోండి.