ఎవరికండీ?

ఒళ్ళో ఊలు ఉండ, చేతిలో సూదులు పెట్టుకుని ఆడది ఎక్కడ కూర్చున్నా పక్కవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఎవరికండీ?" రైల్లో అడుగుతారు. పళ్ళ డాక్టరు గది బయట బల్ల మీద అడుగుతారు. పెళ్ళివారింట్లో ముహూర్తం ఆలస్యమై, నిద్ర ఆపుకోడానికి సంచీలోంచి అల్లిక తీశామా, పెళ్ళికూతురి మేనత్త వచ్చి అడుగుతుంది. "ఏం అల్లుతున్నారు?" అనేవాళ్ళు తక్కువ. "ఈ డిజైను ఎలా వచ్చిందీ?" అనేవాళ్ళు మరీ తక్కువ. ముందు ఎవరికో తేలాలి. మనవడికనో, అల్లుడికనో, మరిదిగారి చంటివాడికనో చెబితే అడిగినావిడ మొహం విప్పారుతుంది. "ఊరికేనండీ" అన్నామో, ఆ మొహంలో చిన్న అనుమానం మొలుస్తుంది. పాపం, ఎవరూ లేరు కాబోలు అన్న జాలి కూడానూ.

అదే రైల్లో ఎదుటి సీటు పెద్దమనిషి పేపర్లో గళ్ళనుడికట్టు ముందేసుకుని కూర్చుంటాడు. గూడూరులో మొదలుపెట్టి ఒంగోలు దాకా పూరిస్తాడు. ఆ గళ్ళు ఎవరికని ఆయన్ని ఒక్కరూ అడగరు.

అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. అదొక పలకరింపు, అంతే. కాని ఎన్నేళ్ళుగానో వింటూండగా, ఈ చిన్న ప్రశ్న వెనకాల ఇంకో పెద్ద ప్రశ్న నక్కి ఉన్నట్టు తోస్తోంది. ఆడవాళ్ళు చేసే పని మంచి పని అనిపించుకోవాలంటే అది ఎవరికో ఒకరికి చెంది తీరాలా?

అసలు మన తెలుగునాట ఊలుతో అవసరం ఎంతని? అరకులోనూ ఆదిలాబాదులోనూ చలి చలే, కాదనను. హైదరాబాదులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు కాస్త వణికిస్తాయి. బెజవాడలో అయితే స్వెట్టరు వేసుకున్నవాణ్ణి "జ్వరమా?" అని పలకరిస్తారు. పోనీ కావాలంటే కొనుక్కోవచ్చు. ఏటా చలికాలం టిబెటన్లు మన ఊళ్ళకొచ్చి బారుగా దుకాణాలు పెడతారు. వాళ్ళమ్మేవి చాలామటుకు లూధియానాలో మిషను మీద అల్లినవే. చేత్తో అల్లకపోతే మునిగిపోయేదేమీ లేదు మనకి. కాన్వెంటులో సిస్టర్లు నేర్పారనో, ఉత్తరాదిన ఉద్యోగం వెలగబెట్టినప్పుడు అంటుకుందనో, అలా వచ్చిన విద్య ఇది. మా తాతగారు ఖరగ్‌పూరు రైల్వేలో ఉండగా పక్క క్వార్టర్సు పంజాబీ ఆవిడ మా అమ్మమ్మకి నేర్పింది. అమ్మమ్మ అమ్మకీ, అమ్మ నాకూ. అంచేత నాకు ఇప్పటికీ అవి 'సీదా, ఉల్టా' కుట్లే. నిట్టూ పర్లూ అంటే ఒక క్షణం ఆలోచించుకోవాలి.

సికింద్రాబాదు జనరల్ బజారు సందుల్లో నేను వెళ్ళే దుకాణంలో దసరాకీ దీపావళికీ మధ్య కొత్త సరుకు దిగుతుంది. ఊలు అని పిలుస్తాంగాని చౌకరకాల్లో గొర్రె వెంట్రుక మచ్చుకైనా ఉండదు. అంతా ఆక్రిలిక్. ఖరీదైనవాటిలో మెరీనో కలుస్తుంది. ఈమధ్య క్రోషియాతో బొమ్మలు అల్లే కాలేజీ అమ్మాయిల కోసం 'మిల్క్ కాటన్' అనే మెత్తటి నూలు కూడా తెప్పిస్తున్నారు. పెట్టె తాడు కొయ్యగానే కౌంటరు మీద రంగులు పరుచుకుంటాయి. వాటికి కంపెనీవాళ్ళు నంబర్లు వేస్తారు, మనం మాత్రం చీరల పేర్లే పెట్టుకుంటాం. నెమలికంఠం, మామిడి చిగురు, ఉల్లిపొర. ఒకావిడ ఉండ తీసి చెంపకి ఆనించుకుంటుంది. ఊలు విషయంలో వేళ్ళకంటె చెంపనే నమ్మాలి. ఇంకొకావిడ వెలుతురుకోసం వీధిగుమ్మం దాకా వెళ్ళి వస్తుంది. ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. గుళ్ళో కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, "ఎవరికమ్మా?" అని అడిగే హక్కు లోకంలో ఒక్క ఆ దుకాణదారుకే ఉంది. చంటిపిల్ల చొక్కాకి నూటయాభై గ్రాములు సరిపోతే, పెద్దవాళ్ళ నిండు చేతుల స్వెట్టరుకి ఇంచుమించు అరకిలో కావాలి. ముందే లెక్క చూసుకుని ఒకేసారి కొనకపోతే చిక్కు. చీటీ మీద రంగు నంబరు పక్కన లాట్ నంబరు ఉంటుంది. ఒక్కసారి అద్దకంలో మునిగినవన్నీ ఒక లాటు. నెల పోయాక అదే రంగు తెచ్చుకున్నా, లాటు మారిందంటే భుజం దగ్గర గీత గీసినట్టు తేడా బయటపడుతుంది. అంచేత ఆయన అడుగుతాడు. అయినా ఆ కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళలో సగం మంది జవాబు చెప్పలేరు. "ఆరు ఉండలు ఇవ్వండి, తర్వాత చూసుకుంటా" అంటారు. నేనూ అంటాను. ఇంట్లో సగంలో ఆగినవి రెండో మూడో ఉంటాయని అందరికీ తెలుసు.

ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో అల్లికవాళ్ళు ఇలా సగంలో ఆగినవాటిని 'యు.ఎఫ్.ఓ.' అంటారు. 'అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్' అన్నదానికి పొట్టిపేరు, ఎగిరే పళ్ళేల పేరే దీనికీ పెట్టారన్నమాట. ఈ జన్మకి అల్లి ముగించలేనంత ఊలు పోగేసినవాళ్ళకీ అక్కడ ఒక మాట ఉంది. దీన్నిబట్టి ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదని తేలింది. మరి జబ్బేనా? ఆశ అంటారు కొందరు, దుబారా అంటారు ఇంకొందరు. ఇంటాయన ఏమంటాడో వేరే చెప్పనక్కర్లేదు.

నేను గమనించింది వేరు. ఉండగా ఉన్నంతసేపూ ఆ ఊలు ఎవరిదీ కాదు. సూదిమీద మొదటి వరస ఎక్కించాలంటే ఛాతీ కొలత తేలాలి. కొలత తేలిందంటే అది ఒక మనిషిదైపోయింది. ఆ మనిషికి ముదురు రంగులు నచ్చవు, మెడకి పట్టేస్తే ఊరుకోడు, ఫలానా తేదీకి ఊరెళ్ళిపోతాడు. ఇంక అక్కణ్ణించి మనం అల్లడం లేదు, బాకీ తీరుస్తున్నాం. పొద్దున్న కాఫీ దగ్గర్నుంచి రాత్రి పాలు తోడుపెట్టడం దాకా ప్రతి పనికీ ఒక హక్కుదారు ఉన్న ఇంట్లో, హక్కుదారు లేని వస్తువు బీరువా పై అరలో ఆరు ఉండలైనా ఉండాలనిపించడం దుబారా అంటే నేనొప్పుకోను.

బాకీ అన్నాను కదా, ఎంత బాకీయో ఒకసారి లెక్కేశాను. మామూలు ఊలుతో, నాలుగంగుళాల వెడల్పుకి ఇరవై రెండు కుట్లు, అంతే పొడవుకి ముప్ఫై వరసలు చొప్పున, మగవాళ్ళ పెద్ద స్వెట్టరుకి 60 నుంచి 70 వేల కుట్లు పడతాయి. నిమిషానికి పాతిక కుట్లు వేసినా నలభై గంటల పైమాటే. ఇంత సమయాన్ని ఎదుటివాడి ఒంటికి తొడిగి "ఊరికే ఇచ్చాను, ఏమీ ఆశించలేదు" అనడం మాటవరసకే. 1925లో మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు కానుకల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ విధులే, ఏ సంఘంలోనూ కానుక ఊరికే రాదని ఆయన తేల్చాడు. కాలేజీలో దీన్ని మహా కొత్త సంగతిగా చదువుకున్నాం. పెళ్ళి పందిట్లో చదివింపుల పుస్తకం పట్టుకు కూర్చునే మా పెదనాన్నకి అది పుట్టుకతో తెలుసు.

మా వదిన కొడుకు షికాగోలో ఉంటాడు. వాడు ఇక్కడ వదిలేసిన పాత చొక్కా కొలత పెట్టి ఆవిడ బూడిదరంగు స్వెట్టరు అల్లి పంపింది. అక్కడ ఇల్లంతా వెచ్చగా ఉంటుంది, బయటికెళ్ళాలంటే చేతిమందం కోటు కావాలి. మధ్యలో ఈ స్వెట్టరుకి వేళ ఎక్కడిది? అయినా ఆదివారం ఫోనులో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునేటప్పుడు వాడు తప్పకుండా అదే వేసుకుని కూర్చుంటాడు. "ఎంత ప్రేమో చూశావా" అన్నాను నేను. వదిన నవ్వి, "మడత గీతలు కనిపిస్తూనే ఉంటాయే" అంది.

వాడు చేస్తున్నది అబద్ధమా? నేను చాలాసార్లు తర్కించుకున్నాను. అడక్కుండా ఇచ్చినదాన్ని వేసుకుని తీరాలన్న ధర్మం ఎక్కడా లేదు. ఇచ్చిన చేతిని నొప్పించకూడదన్న ధర్మం మాత్రం ఉంది. ఆ పదినిమిషాల కోసం వాడు పెట్టె తెరిచి, తొడుక్కుని, మళ్ళీ మడత పెట్టి లోపల పెడుతున్నాడు. ఆవిడ ఆ మడతలు చూసి, చూడనట్టుంటోంది. ఇద్దరూ బాకీ తీర్చుకుంటూనే ఉన్నారు. కాని నలభై గంటల అల్లిక చివరికి ఇద్దరు మంచివాళ్ళ చేత నటింపజేస్తోందే, అది నాకు కష్టంగా ఉంటుంది. ఈ ఏడూ వదిన ఊలు కొంది. ఇటుక రంగు. ఎవరికని నేను అడగలేదు.

అన్నట్టు, విదేశాల్లో అల్లేవాళ్ళకి ఒక మూఢనమ్మకం ఉంది. పెళ్ళికి ముందు ప్రియుడికి స్వెట్టరు అల్లి ఇస్తే అతగాడు పారిపోతాడట. నవ్వుకున్నాను గాని, 65 వేల కుట్ల బాకీ నెత్తిన పడితే ఎవడు మాత్రం పరిగెత్తడు?

చదివింపుల పుస్తకంలోకి ఎక్కని కానుక ఒకటి మా ఇంట్లోంచి వెళ్ళింది. 1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చింది. హిమాలయాల్లో మన జవాన్లకి చలిబట్టలు చాలడం లేదని తెలిసి దేశం నలుమూలలా ఆడవాళ్ళు సూదులు పట్టారు. ఖరగ్‌పూరు కాలనీలో మా అమ్మమ్మా పట్టింది. అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి. మఫ్లర్లు అల్లింది, వాటికయితే కొలత అక్కర్లేదని. అవి ఎవరి మెడకి చుట్టుకున్నాయో, అసలు చేరాయో లేదో ఆవిడకి తెలీదు. అందరికీ అల్లిన స్వెట్టర్ల గురించి "చేతులు పొట్టయ్యాయి, వాడు మాట దక్కించలేదు" అని ఏదో ఒక ఫిర్యాదు చేసే మనిషి, ఆ మఫ్లర్ల దగ్గరికి వచ్చేసరికి ఊలు రంగు మాత్రం చెప్పి ఊరుకునేది. ఎవరికి అని అడిగితే పేరు లేదు. పేరు లేకపోబట్టే అలిగే వీలూ లేదు.

ఇదంతా ఒకసారి మా కాలనీలో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గర వాగాను. నా నవలల్నే దయలేకుండా చీల్చి చెండాడే మనిషి, ఊలుని వదుల్తుందా! "ఫుట్‌పాత్ మీద పిల్లలు వణుకుతుంటే నీ బీరువాలో ఊలు కలరా ఉండల మధ్య మగ్గుతోంది. దీనికి తత్వం ఒకటీ!" అంది. ఆ మాట రెండు రోజులు నన్ను పట్టి కుదిపింది. అది ఉట్టినే తోసేసే మాట కాదు. ఆలోచించగా తేలిందేమిటంటే, చలిలో ఉన్న పిల్లకి కావలసింది దుప్పటి. అది ఇవాళ కొని ఇవాళే ఇవ్వాలి. పది నిమిషాల పని, అరకిలో మంచి ఊలుకంటె చౌక కూడానూ. దానికి నా నలభై గంటలు అడ్డం పెట్టి, సంక్రాంతి వెళ్ళాక స్వెట్టరు పట్టుకెళ్ళి ఇవ్వడం ఆ పిల్ల కోసం కాదు, నా కోసం. అంచేత దుప్పట్లు కొని హెడ్‌మిస్ట్రెస్ గారికే అప్పగించాను. ఊలు మాత్రం అరలోనే ఉంచాను. ఆవిడ దుప్పట్లు లెక్కపెట్టి తీసుకుందిగాని, నా తర్కానికి మాత్రం మార్కులు వెయ్యలేదు.

గ్రీకుల ఒడిస్సీలో పెనెలొపీ కథ మీకు తెలిసే ఉంటుంది. యుద్ధానికి వెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు. పెళ్ళాడమని ఇంటినిండా మగవాళ్ళు దిగారు. మామగారి అంత్యక్రియలకి వస్త్రం నేస్తున్నాను, అది ముగిశాక మీలో ఒకర్ని ఎంచుకుంటానంది. పగలు నేసింది రాత్రి దీపం పెట్టుకుని విప్పేసేది. మూడేళ్ళు నెట్టుకొచ్చింది. పతివ్రత అని పొగుడుతారు. నాకు మాత్రం ఆ మూడేళ్ళ రాత్రులు ఆకర్షణగా ఉంటాయి. ఆ బట్ట పూర్తికానంతకాలం ఆవిడ ఎవరికీ చెందలేదు. కాని పడుగూ పేకా కలిసిన నేత విప్పడం ఎంత యాతనో మగ్గం చూసినవాళ్ళకి తెలుస్తుంది. అల్లిక అలా కాదు. ఎంత పెద్ద స్వెట్టరైనా, మధ్యలో ముడులు వెయ్యకపోతే, అంతా ఒకటే దారం. కొస దొరికిందంటే సరసరా వచ్చేస్తుంది.

మా పక్కవాటాలో మామ్మగారు రోజూ చేసే పని ఇదే. ఎనభై రెండేళ్ళు. ఆవిడ దగ్గర ఆకుపచ్చ ఊలు ఒకటే ఉండ. పొద్దున్న ముప్ఫై కుట్లు ఎక్కించి జానెడు అల్లుతుంది. సాయంత్రం దీపాలవేళకి విప్పి ఉండ చుట్టేస్తుంది. విప్పిన ఊలు వంకీలు తిరిగిపోతే, నెలకోసారి చిలప చుట్టి, తడిపి, కింద చెంబు వేలాడదీసి ఆరబెడుతుంది. మళ్ళీ తిన్నగా అవుతుంది. కోడలు పిల్ల మంచిది. చూడలేక బాధపడుతుంది. "కనీసం మీ మునిమనవడికి టోపీ అల్లండత్తయ్యా, నలుగురూ చూసి సంతోషిస్తారు" అంటుంది. ఆవిడకి మతి తప్పిందేమోనని నా దగ్గర గుసగుసలాడింది కూడా. మతికేం లోటు లేదు, పాలవాడి లెక్క పైసలతో సహా ఆవిడే చూస్తుంది. నేనే ఒకరోజు ఉండబట్టలేక "ఎవరికి మామ్మగారూ?" అని అడిగాను. "వేళ్ళకే అమ్మాయ్" అని, కొస నా చేతికిచ్చి చుట్టమంది.

మొన్న దీపావళి ముందు కోడలు నాతో బాటు బజారుకొచ్చి ఆవిడ కోసం నెమలికంఠం రంగు రెండు ఉండలు కొంది, మెరీనో కలిసినవి, ఒకే లాటు. మామ్మగారు వాటిని చెంపకి ఆనించుకుని చూసింది. "బావుందే, చాలా బావుంది" అంది. చీటీలు కూడా తియ్యకుండా పెట్టెలో పట్టుచీరల కింద దాచింది. "అల్లుకోరా?" అంటే, "ఇంకా పాతదే అవలేదు కదుటే" అని ఆకుపచ్చ ఉండ ఒళ్ళోకి లాక్కుంది.