హంతకుడెవరో తెలిశాక

హత్య చేసిందెవరో తెలిసిన మరుక్షణం ఆ హత్య మీద మనకు ఆసక్తి పోతుంది. పేపర్లో నిందితుడి ఫొటో పడేదాకా టీకొట్టు దగ్గరా, ఆఫీసులోనూ అదే కబురు. ఫొటో పడ్డాక పేజీ తిప్పేస్తాం. ఆ మనిషి ఆ రాత్రి అన్నం ఎలా తిన్నాడు, పొద్దున్నే గడ్డం గీసుకుని నలుగురిలోకి ఎలా వెళ్లాడు, పరామర్శకు వచ్చినవాళ్లతో ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాడు అన్నది ఎవరికీ పట్టదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన మనం కూడా ఆఖరి పేజీ కోసమే గబగబా చదివాం. నేరంలో ‘ఎవరు’ అన్నది అన్నిటికంటే చిన్న ప్రశ్న అని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఆ నమ్మకాన్ని నాలో గట్టిపరచినవాళ్లు ఇద్దరు అమెరికన్ టీవీ రచయితలు, రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్. ‘కొలంబో’ అనే టీవీ డిటెక్టివ్‌ను పుట్టించింది వాళ్లే.

ఇద్దరూ ఫిలడెల్ఫియావాళ్లు. జూనియర్ హైస్కూల్లో చేరిన మొదటిరోజే కలుసుకున్నారు. ఇద్దరికీ గారడీ పిచ్చి, డిటెక్టివ్ కథల పిచ్చి. అప్పుడు మొదలైన జంట రచన లెవిన్సన్ పోయేదాకా సాగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగానే, 1954లో, వాళ్ల కథ ‘ఎల్లరీ క్వీన్స్ మిస్టరీ మ్యాగజైన్’లో వచ్చింది. ఇద్దరూ సైన్యంలో పనిచేసి వచ్చి, టెలివిజన్‌లో అడుగుపెట్టారు. ఏ వాక్యం ఎవరిదో చూసేవాడికి అంతుపట్టనంతగా వాళ్ల రాత కలిసిపోయింది. రచన అంటే ఏకాంతంలో చేసే తపస్సని నమ్మే మనకు ఇది కొంత వింతే. ఎదురుగా కూర్చున్నవాడు ‘ఇది అతకలేదు’ అన్నప్పుడు నొచ్చుకోకుండా కొట్టేయగలగడం నా దృష్టిలో చిన్న తపస్సేమీ కాదు.

కొలంబో తెరమీదికి రావడానికి ఒక సమ్మె కారణమైంది. 1960లో అమెరికాలో రచయితలు సమ్మె చేశారు. ఫిల్ముమీద తీసే కార్యక్రమాలకు రాయకూడదు, ప్రత్యక్ష ప్రసార నాటకాలకు మాత్రం రాయొచ్చు. దాంతో మిత్రులిద్దరూ తమ పాత కథనొకదాన్ని ‘ఎనఫ్ రోప్’ అనే గంట నాటకంగా మార్చారు. అందులో బెర్ట్ ఫ్రీడ్ అనే నటుడు మొదటి కొలంబో. 1962లో అదే ‘ప్రిస్క్రిప్షన్: మర్డర్’గా రంగస్థలమెక్కింది. 1968లో టీవీ సినిమా అయినప్పుడు కొలంబో పాత్రకు పాటగాడు బింగ్ క్రాస్బీని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. కొలంబో కోటు చివరికి నటుడు పీటర్ ఫాక్ ఒంటిమీదికి చేరింది. గుమ్మం దాటినవాడు వెనక్కి తిరిగి ఇంకొక్క ప్రశ్న అడగడం కొలంబోకు పేరు తెచ్చిన అలవాటు కదా, అది కూడా అనుకుని పెట్టింది కాదట. నాటకం రాస్తున్నప్పుడు, అప్పటికే గదిలోంచి పంపించేసిన కొలంబో చేత ఇంకో మాట అడిగించాల్సి వచ్చింది. పేజీ మొత్తం మళ్లీ టైపు కొట్టే ఓపిక లేక అతన్నే వెనక్కి పిలిచారు. లింక్ స్వయంగా చెప్పిన సంగతి ఇది.

హంతకుడిని ముందే చూపించే పద్ధతి వాళ్లు కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే ‘ది సింగింగ్ బోన్’ కథల్లో ఆ పని చేశాడు. వినయంగా మాట్లాడుతూనే ఉచ్చు బిగించే పోలీసు తీరు దొస్తొయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’లోని పోర్ఫిరీ నుంచి వచ్చింది. మన ‘దృశ్యం’ చూసినవారికీ ఇది కొత్త కాదు, చంపిందెవరో మనకు మొదట్నుంచీ తెలుసు. లెవిన్సన్, లింక్ గొప్పతనం ఎక్కడంటే, ఆ తెలిసిన సంగతి నుంచి మనల్ని పారిపోనివ్వకపోవడంలో. గారడీ నేర్చిన ఆ ఇద్దరూ మొదటి పావుగంటలోనే గుప్పిట విప్పి చూపించేశారు. ఇక చూడటానికి మిగిలింది మనిషే.

1971లో వచ్చిన ‘డెత్ లెండ్స్ ఎ హ్యాండ్’నే తీసుకోండి. ఈ ఇద్దరికీ రచనకు ఎమ్మీ అవార్డు తెచ్చిన కొలంబో ఎపిసోడ్ అది. బ్రిమ్మర్ పెద్ద ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ యజమాని. పత్రికాధిపతి కెన్నికట్ తన భార్యమీద అనుమానంతో అతన్ని నియమిస్తాడు. తప్పు నిజమేనని తెలిసీ, భర్తతో ఆమె నిర్దోషి అని చెప్పి, ఆ రహస్యాన్ని అడ్డుపెట్టుకుని ఆమెను లొంగదీసుకోవాలని చూస్తాడు బ్రిమ్మర్. నా భర్తకు అంతా చెప్పేస్తానంటుందామె. పట్టరాని కోపంతో ఒక్క దెబ్బ కొడతాడు. ఆమె పడిపోతుంది, ప్రాణం పోతుంది. ఆ తర్వాత కెమెరా అతని ముఖాన్ని వదలదు. శవాన్ని కదిలించడం, తుడవడం, సర్దడం అన్నీ అతని కళ్లద్దాల్లోనే కనిపిస్తాయి. ఒక అద్దంలో ఒక పని, రెండో అద్దంలో ఇంకో పని. మధ్యలో రాయిలా ఆ ముఖం. మాట ఒక్కటీ లేదు. చంపడం క్షణంలో అయిపోయింది, చంపినవాడిగా బతకడం అక్కడ మొదలైంది. ఆ కెన్నికట్టే దర్యాప్తుకు సాయం చేయమని బ్రిమ్మర్‌ను పిలిపించడం, కొలంబో పక్కనే కూర్చుని అతను తన నేరాన్నే పరిశోధించాల్సి రావడం, చివరికి కొలంబోకే ఉద్యోగం ఇవ్వజూపడం ఇవన్నీ చూస్తుంటే నాకు అతనిమీద కోపం కంటే భయం ఎక్కువ కలుగుతుంది. తెలివైనవాడు, మర్యాదస్తుడు, మాటకారి. మనం రోజూ నమస్కారం పెట్టే మనుషుల్లాగే ఉంటాడు.

ఆ తర్వాత వాళ్లు పీటర్ ఫిషర్‌తో కలిసి రూపొందించిన ‘మర్డర్, షి రోట్’ 1984 నుంచి 12 సీజన్లు, 264 ఎపిసోడ్లు నడిచింది. మళ్లీ ‘ఎవరు’ దగ్గరికే వెళ్లిన ఆ కార్యక్రమం హాయిగా ఉంటుంది కానీ, నన్ను అంతగా కదిలించదు. నేను పదేపదే తలుచుకునేది 1977 నాటి వాళ్ల ‘ది స్టోరీటెల్లర్’ సినిమాను. ఒక టీవీ సినిమాలో నిప్పంటించే దృశ్యం చూసిన పిల్లవాడు తన బడికి నిప్పుపెట్టి తానే చనిపోతాడు. ఆ సినిమా రాసిన రచయితదా పాపం? హత్యలు రాసి బతికే ఇద్దరు ఆ ప్రశ్నను నెత్తిమీదికి తెచ్చుకుని, తమను తాము సమర్థించుకోకుండా, తీర్పూ చెప్పకుండా వదిలేశారు. రాసినవాడెవరో ప్రేక్షకుడికి తెలుసు, రచయితకూ తెలుసు. దాంతో ఆ పిల్లవాడి తల్లి దుఃఖం తీరలేదు. వినోదం పంచేవాడికి ఇంతటి బాధ్యత ఉండాలా అని అడిగేవారికి నా జవాబు ఒకటే. ఉండాలి.

1987 మార్చిలో లెవిన్సన్ గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి 52 ఏళ్లు. విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. ఇక్కడ ఛేదించాల్సిన రహస్యం ఏదీ లేదు. కారణం ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చుని పొగ వదులుతూనే ఉంది, లింక్ దాన్ని రోజూ చూశాడు. తెలిసినంత మాత్రాన ఒరిగిందేమిటి? నాలుగేళ్ల తర్వాత, 1991లో, లింక్ ‘ది బాయ్స్’ అనే టీవీ సినిమా రాశాడు. కలిసి రాసే ఇద్దరు మిత్రుల కథ. అందులో సిగరెట్ కాల్చేవాడు కాదు, అతని పొగ పీల్చినవాడు జబ్బున పడతాడు. చనిపోయిన స్నేహితుడి స్థానంలో తనను పెట్టుకుని చూశాడని నేననుకుంటాను. కారణం తెలిసినచోట ఆగిపోకుండా ఆ తర్వాతి చీకట్లోకి నడవడం వాళ్లిద్దరూ కలిసి చేసిన పనే. ఈసారి ఒక్కడే చేయాల్సి వచ్చింది. 1995లో టెలివిజన్ అకాడమీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఇద్దరినీ కలిపే తీసుకున్నారు. 2010లో లింక్ కొలంబో కథల సంపుటి తెచ్చాడు. 2020 డిసెంబరులో, 87 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఇప్పుడు తెలుగులో వెబ్ సిరీస్‌లకు క్రైమ్ కథలు రాస్తున్న కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు. ఆఖరి ఎపిసోడ్‌లో ట్విస్టు కోసం వాళ్లు పడే కష్టం నాకు తెలుసు, గౌరవం కూడా ఉంది. ఒక్కటే కోరుతున్నాను. ఒక్కసారైనా చంపినవాడి పేరు మొదటి సీన్లోనే చెప్పేసి, మిగతా కథ రాయడానికి ప్రయత్నించండి.